పోచంపల్లి చీరను ఫోన్లో అమ్మడం ఎలా: చేనేత కుటుంబాలకు, ఇంటి నుంచి అమ్మేవారికి సమగ్ర మార్గదర్శి

దుకాణానికి వచ్చినావిడ చీరను ముందు చేత్తో పట్టుకుంటుంది. కొంగు పరిచి చూస్తుంది. వెలుతురులోకి తీసుకెళ్ళి రంగు చూస్తుంది, తిరగేసి వెనక వైపు చూస్తుంది. ధర అడిగేది ఆ తర్వాతే. ఫోన్లో కొనేవారికి ఈ వీలు ఒక్కటీ లేదు. పైగా పోచంపల్లి పేరుతో ప్రింట్ చీర అంటగట్టించుకున్న అనుభవం చాలామందికి ఉంది, లేదా అలా మోసపోయిన చెల్లెలో తోటికోడలో ఉంది. అందుకే మీ పోస్టు చూసి బాగుందనుకుని కూడా కొనకుండా వెళ్ళిపోతారు.

సోషల్ మీడియాలో చేనేత అమ్మడం అంటే నా లెక్కలో ఒకటే: కొనేవారి చెయ్యి చేయాల్సిన పని మన ఫోన్ చేసి పెట్టాలి. ఫాలోవర్లు, ట్రెండింగ్ పాటలు, లోగోలు అన్నీ దాని తర్వాతే. ఈ గైడ్ మొత్తం ఆ లెక్క మీదే నడుస్తుంది. ఇంట్లో రెండు మూడు మగ్గాలున్న నేత కుటుంబాన్నీ, నేతన్నల దగ్గర తీసుకుని ఇంటి నుంచి అమ్మే మహిళలనూ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణలు పోచంపల్లివి. గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ చీరలు అమ్మేవారికీ పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: మీ సరుకు ఏమిటో, మీరెవరో తేల్చుకోండి

"అన్ని రకాల చీరలు దొరుకును" అని పెట్టిన పేజీ ఎవరికీ గుర్తుండదు. "పోచంపల్లి కాటన్ ఇక్కత్ చీరలు, డ్రెస్ మెటీరియల్" అంటే గుర్తుంటుంది. (ఇక్కత్ అంటే నేయకముందే నూలుకు ముడులు కట్టి, రంగు వేసి నేసే పద్ధతి.) మొదటి ఆరు నెలలు ఒకటి రెండు రకాలకే కట్టుబడండి. పక్కన ఎవరో బెనారస్ అమ్ముతున్నారని, సూరత్ సరుకు కూడా పెడదామని అనిపిస్తుంది. పెట్టకండి. ఒకే పేజీలో చేనేత, పవర్‌లూమ్ (కరెంటు మగ్గం) సరుకు పక్కపక్కన కనిపిస్తే చూసేవారికి మీ చేనేత మీద కూడా అనుమానం వస్తుంది.

కాగితాల పని ముందే పూర్తి చేసుకోండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు కనిపిస్తే అవి ప్రభుత్వానివి కావు. జీఎస్టీ విషయానికొస్తే, సరుకు అమ్మకాలకు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రాలకు పార్సిళ్ళు పంపాలనుకుంటే నిబంధనలు మారతాయి కాబట్టి, మొదటి పార్సిల్ కన్నా ముందే ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఇక గుర్తింపులు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందని. పుట్టపాక పేరు చెప్పగానే గుర్తొచ్చే, నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఊరికి గుర్తింపు ఉన్నంత మాత్రాన మీ చీర మీద ఆ ముద్ర వేసుకునే హక్కు దానంతట అది రాదు, చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి. మీ చేనేత సహకార సొసైటీ ద్వారా అడిగితే దారి చెబుతారు. హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకైతే సిల్క్ మార్క్ లేబుళ్ళు కూడా తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి. లేకపోతే ఉన్నట్టు చెప్పకండి. అబద్ధం ఒక్క చీర అమ్మిపెడుతుంది, ఆ కొన్నావిడ చుట్టూ ఉన్న పదిమందిని దూరం చేస్తుంది.

రెండో మెట్టు: వాట్సాప్ బిజినెస్‌ను దుకాణంలా సర్దుకోండి

మన దగ్గర చీర ఎక్కడ చూసినా, బేరం కుదిరేది వాట్సాప్‌లోనే. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ కన్నా ముందు దీన్ని సరిచేయాలి.

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. ఇంటి నంబర్‌తోనే నడిపితే పెళ్ళి ఫోటోల మధ్య ఆర్డర్లు పోతాయి, అర్ధరాత్రి మెసేజ్‌లు పడతాయి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. ప్రొఫైల్‌లో ఊరు, జిల్లా, వేళలు, ఏం అమ్ముతారో రెండు వాక్యాలు రాయండి. ఫోటోగా దేవుడి బొమ్మ వద్దు, గులాబీ పువ్వు వద్దు. మగ్గం దగ్గర మీరో, మీ ఇంట్లో నేసేవారో ఉన్న ఫోటో పెట్టండి.

క్యాటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు. మీకు అన్ని అక్కర్లేదు. చేతిలో సిద్ధంగా ఉన్న చీరలు మాత్రమే పెట్టండి, అమ్ముడుపోయిన గంటలోపు తీసేయండి. నచ్చిన చీర అడిగితే "అది అయిపోయిందండి, ఇలాంటిదే ఇంకోటి..." అనే జవాబు మూడుసార్లు వస్తే ఆ మనిషి మళ్ళీ అడగరు. ప్రతి చీరకూ ఒక కోడ్ ఇవ్వండి, అదే కోడ్ చీర మడతలో చీటీ మీద రాసి పెట్టండి. ఒకే రంగు చీరలు నాలుగున్నప్పుడు ఈ చీటీయే కాపాడుతుంది.

క్విక్ రిప్లైలు తయారుచేసుకోండి. స్లాష్ గుర్తు కొట్టి చిన్న పేరు టైప్ చేస్తే ముందే రాసుకున్న జవాబు వస్తుంది. పోస్టు ఖర్చు, ఎన్ని రోజుల్లో వస్తుంది, వాపసు షరతులు, ఉతికే పద్ధతి, ఈ నాలుగూ రోజూ అడిగేవే. లేబుళ్ళు కూడా వాడండి: కొత్తగా అడిగినవారు, డబ్బు రావాల్సినవారు, పార్సిల్ పంపాల్సినవారు, మళ్ళీ కొన్నవారు. చివరి లేబుల్ మీ ఆస్తి. పండక్కి కొత్త సరుకు వస్తే మొదట వాళ్ళకే చూపించాలి.

బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చొచ్చు. కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజ్ చేరుతుంది. స్టేటస్ సంగతీ అంతే. అందుకే మొదటి చీర పంపినప్పుడే, "మా నంబర్ ఈ పేరుతో సేవ్ చేసుకోండి మేడమ్, కొత్త చీరలు స్టేటస్‌లో పెడుతుంటాం" అని అడగాలి. ఎక్కడో దొరికిన నంబర్ల లిస్టు కొని మెసేజ్‌లు కొట్టకండి. నలుగురు బ్లాక్ చేసి రిపోర్టు కొడితే నంబరే పోతుంది, దాంతోపాటు ఇన్నాళ్ళ పరిచయాలూ పోతాయి. ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా పెట్టుకోండి.

మూడో మెట్టు: ఫోటో, వీడియో. అసలు పని ఇక్కడే ఉంది

దీనికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవడం మాత్రం మరిచిపోవద్దు.

ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర మధ్య, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గరో వరండాలోనో తీయండి. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ వేరేలా, నెమలిపింఛం రంగు ఇంకోలా కనిపిస్తాయి. ఫిల్టర్లు పూర్తిగా మానేయండి. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి: ఫోటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే చీర రంగు కూడా దగ్గరగానే వచ్చినట్టు. అప్పటికీ తేడా ఉంటే మాటల్లో రాయండి, "ఫోటోలో కన్నా చీర ఒక ఛాయ ముదురుగా ఉంటుంది" అని. వాపసు వచ్చే చీరల్లో రంగు తేడా గొడవలే ఎక్కువ, ఆ ఒక్క వాక్యం వాటిని చాలావరకు ఆపుతుంది.

ప్రతి చీరకూ ఐదారు ఫోటోలు కావాలి. పూర్తిగా మడత విప్పింది, కొంగు, అంచు దగ్గరగా, బ్లౌజు గుడ్డ, వెనక వైపు, కట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో ఒకటి. కట్టుకునేందుకు మోడల్ ఎందుకు? ఇంట్లో అత్తగారో ఆడపడుచో కట్టుకుంటే చాలు. మామూలు ఒంటితీరు మీద చీర చూస్తే కొనేవారికి తమ మీద ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది.

ఇప్పుడు ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే వీడియో చెబుతాను. పదిహేను సెకన్లు చాలు. చీర కొంగును బల్ల మీద పరచండి. ఫోన్‌ను జానెడు ఎత్తులో పట్టుకోండి. మాట్లాడకుండా మూడు సెకన్లు డిజైన్ చూపించండి. తర్వాత చేత్తో అంచు పట్టుకుని నెమ్మదిగా తిరగేయండి, అదే చోట వెనక వైపు చూపించండి. మళ్ళీ ముందు వైపుకు తిప్పండి. ఇప్పుడు చెప్పండి: "రెండు వైపులా ఒకే రంగు చూశారు కదా. ఇది గుడ్డ మీద అద్దింది కాదు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేశాం, అందుకే రెండు వైపులా ఇలా ఉంది." ఇంకొంచెం దగ్గరికి తీసుకెళ్ళి డిజైన్ గీత అంచు చూపించండి. ఇక్కత్‌లో ఆ గీత కత్తిరించినట్టు ఉండదు, పోగులు కాస్త ముందుకూ వెనక్కూ జరిగి అంచు మసకగా ఉంటుంది. ప్రింట్‌లో గీత పదునుగా ఉంటుంది, వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. కొనేవారికి ఈ తేడా చూడటం మీరు నేర్పిస్తే, ఇక వాళ్ళు ప్రతి పేజీలోనూ వెనక వైపు చూపించమని అడుగుతారు. ప్రింట్ చీర అమ్మేవాళ్ళు చూపించలేరు.

ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రెండు వైపులా ఒకేలా ఉంటే అది ప్రింట్ కాదని తేలుతుంది కానీ, చేమగ్గం మీద నేసిందని తేలదు. పవర్‌లూమ్ మీద నేసిన ఇక్కత్ కూడా బజారులో ఉంది. అందుకే రెండో వీడియో కావాలి: అదే చీర మగ్గం మీద ఉన్నప్పుడు తీసింది. నేసేటప్పుడే కొంగు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి తీసి ఆ చీర కోడ్ పేరుతో దాచుకోండి. అమ్మకానికి పెట్టినప్పుడు రెండూ కలిపి పంపితే ఆ నమ్మకమే వేరు. నాడె (అడ్డపోగును తీసుకెళ్ళే సాధనం) అటూ ఇటూ పోయే చప్పుడు అలాగే ఉంచండి, దాని మీద సినిమా పాట వేయకండి. బిజినెస్ ఖాతాల్లో చాలా సినిమా పాటలు వాడుకోనివ్వరు కూడా. మగ్గం చప్పుడు మీ సొంతం, ఎవరూ తీసేయమనరు.

వీడియోకు ఏం తీయాలో తోచడం లేదని చాలామంది అంటారు. ఇంట్లో రోజూ జరిగేదంతా బయటివారికి కొత్తే. ఆసు పోయడం (ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సర్దడం), సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో ముడులు కట్టడం, రంగులో ముంచడం, ముడులు విప్పినప్పుడు తెల్లటి చోట్లు బయటపడటం, పడుగు (నిలువు పోగులు) సాగదీయడం, కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టడం. ముడులు విప్పే వీడియో మొదట పెట్టండి, దాన్ని చివరిదాకా చూస్తారు. ఆసు యంత్రం మీద పోస్తుంటే అదీ దాచకుండా చూపించండి. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి తల్లి పడుతున్న భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆమె పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం మీద ఆసు పోసినంత మాత్రాన చీర చేనేత కాకుండా పోదు. ఈ సంగతి మీ నోటితో చెబితే చూసేవారికి చీరతోపాటు మనుషులూ కనిపిస్తారు.

ఇంకెవరి ఫోటోలూ మీ పేజీలో వద్దు. మీ ఫోటోలు ఎవరైనా ఎత్తుకెళ్ళకుండా మధ్యలో చిన్నగా మీ పేరు వేసుకోండి.

నాలుగో మెట్టు: ఏ వేదిక ఏ పనికి

ఇన్‌స్టాగ్రామ్ కొత్తవారి కంట పడటానికి. ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే ఎవరు చూశారు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు తెలుస్తుంది. లైకుల కన్నా సేవ్‌లు, షేర్‌లు చూడండి. ఒకావిడ మీ చీర రీల్‌ను చెల్లెలికి పంపిందంటే అది సగం బేరం. బయోలో వాట్సాప్ లింకు తప్పనిసరి. మూడు పోస్టులు పైన పిన్ చేసుకోవచ్చు కదా: ఒకటి మీరెవరో చెప్పేది, ఒకటి చీర తిరగేసే వీడియో, ఒకటి ఆర్డర్ ఎలా ఇవ్వాలో చెప్పేది. వారానికి మూడు రీల్స్ చాలు. రోజుకు రెండు పెట్టి నెల తర్వాత నీరసపడి ఆపేయడం కన్నా ఇది మేలు.

ఫేస్‌బుక్ పాతబడిందని వదిలేయకండి. నలభై దాటిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు, విదేశాల్లోని పెద్దవయసు తెలుగువారు ఎక్కువగా అక్కడే ఉంటారు, చేనేతకు డబ్బు పెట్టేదీ వాళ్ళే. చీరల గ్రూపుల్లో చేరితే ముందు నిబంధనలు చదవండి. వెళ్ళీవెళ్ళగానే అమ్మకం పోస్టులు వద్దు. ఎవరైనా "ఇది ఒరిజినల్ పోచంపల్లేనా" అని ఫోటో పెడితే వివరంగా జవాబు రాయండి. నెల తిరిగేసరికి మీ పేరు గ్రూపులో తెలిసిపోతుంది. లైవ్ పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 2025 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు 30 రోజుల తర్వాత పేజీ నుంచి తొలగిపోతున్నాయి. మంచివాటిని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

యూట్యూబ్‌లో షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు. ఇన్‌స్టాలో పెట్టిన వీడియోనే ఇక్కడా పెట్టండి, వేరే శ్రమ వద్దు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మాత్రం ఇవాళే చేసుకోవాల్సిన పని. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి భూదాన్ పోచంపల్లికి చీరలకోసమే వచ్చేవారు ఉంటారు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరది. వాళ్ళు దారిలో మ్యాప్‌లోనే వెతుకుతారు. కొన్న ప్రతివారికీ రివ్యూ లింకు పంపండి. డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోకండి.

కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్‌లో నేత కుటుంబాలు నేరుగా అమ్ముకోవచ్చు. అమ్మకాలు ఎన్ని వచ్చినా రాకపోయినా, అక్కడ మీ పేజీ ఉండటమే కొత్తవారికి ఒక ధైర్యం.

ఐదో మెట్టు: పోస్టు రాయడం, ఛాటింగ్‌లో బేరం

"ధర ఇన్‌బాక్స్‌లో" అని రాయకండి. సిగ్గుపడి, అనుమానపడి అడగకుండా వెళ్ళిపోయేవారే ఎక్కువ. ధర పోస్టులోనే ఉండాలి. ఒక పోస్టు ఇలా రాయొచ్చు:

"పోచంపల్లి కాటన్ ఇక్కత్. ముదురు ఆకుపచ్చ, మెరూన్ అంచు. చీర ఐదున్నర మీటర్లు, అదే గుడ్డలో 80 సెంటీమీటర్ల బ్లౌజు. కుచ్చిళ్ళ దగ్గర ఒకచోట పోగు ముడి ఉంది, ఐదో ఫోటోలో చూడండి. మా ఇంటి మగ్గం మీద నేసింది, వీడియో పెట్టాం. ధర రూ. 3,400, పోస్టు ఖర్చు విడిగా. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, నీడలో ఆరబెట్టండి. కోడ్ పీ 27."

ఆ పోగు ముడి గురించి రాయడానికి చాలామంది జంకుతారు. రాయండి. చేత్తో నేసిన గుడ్డలో అది ఉంటుంది. మీరు ముందే చెబితే అది చేనేత గుర్తు, పార్సిల్ విప్పాక వాళ్ళు చూస్తే అది డ్యామేజ్.

మెసేజ్‌కు జవాబు గంటలోపు వెళ్ళాలి. మగ్గం మీద కూర్చున్నవారికి అది కష్టమే, అందుకే ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకోండి: "నేత పనిలో ఉన్నాం, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి జవాబిస్తాం." వేళ చెబితే జనం ఆగుతారు, చెప్పిన వేళకు మీరు ఫోన్ తీస్తే చాలు.

"కొంచెం తగ్గించండి" అన్న మాట ప్రతిరోజూ వస్తుంది. విసుక్కోవద్దు. "మేడమ్, ఇది నేయడానికి మా ఇంట్లో ముగ్గురి పని. ధరలో తగ్గించేది లేదు, రెండు తీసుకుంటే పోస్టు ఖర్చు మేం పెట్టుకుంటాం" అని మర్యాదగా, స్థిరంగా చెప్పండి. ఒకరికి తగ్గించి ఇంకొకరికి తగ్గించకపోతే ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే అవకాశం ఎక్కువ, ఆ కబురు మీకన్నా వేగంగా వెళ్తుంది. మీరు నేతన్న దగ్గర కొని అమ్మేవారైతే ఇంకా జాగ్రత్త. సగం ధర ఆఫర్లు పెడితే ఆ సగం చివరికి కోతపడేది నేసినవాళ్ళ కూలీలోనే. చేనేత మీద అలాంటి ఆఫర్లు పెట్టొద్దని నేను గట్టిగా అంటాను.

ఆరో మెట్టు: డబ్బు, పార్సిల్, మోసాలు

యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్‌ను నమ్మి సరుకు పంపకండి. నకిలీ స్క్రీన్‌షాట్ తయారుచేయడం ఇప్పుడు నిమిషం పని. మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందని కళ్ళతో చూశాకే పార్సిల్ కట్టండి. "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకేసారి ఇరవై చీరలు కావాలని, ఫలానా ఆఫీసు నుంచి అని తొందరపెట్టేవారి దగ్గర మరింత జాగ్రత్త. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో వద్దు. తీసుకోకుండా తిప్పి పంపితే రానూపోనూ ఖర్చు మీదే. కొత్తవారికి నమ్మకం కుదరకపోతే వీడియో కాల్‌లో చీర చూపించండి, అది చాలాసార్లు పనిచేస్తుంది.

చీరను ముందు ప్లాస్టిక్ కవర్లో, తర్వాత మందపాటి కవర్లో పెట్టండి, వానాకాలం తడి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేం. లోపల నేసినవారి పేరు, ఊరు, ఉతికే పద్ధతి రాసిన చిన్న కార్డు పెట్టండి. స్పీడ్ పోస్టు మారుమూల పల్లెలకు కూడా వెళ్తుంది. ట్రాకింగ్ నంబర్ ఫోటో అదే రోజు పంపాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయమని ముందే చెప్పండి, తేడా వస్తే ఇద్దరికీ అదే సాక్ష్యం.

అమెరికాకు పంపేవారికి ముఖ్యమైన మార్పు ఉంది. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. సుంకం ఎంత పడుతుందో, ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోకుండా పంపితే గొడవవుతుంది. అక్కడి ఆడపిల్లలు చాలామంది చీరలను ఇక్కడి అమ్మగారింటికే పంపమంటారు, వచ్చినప్పుడు తీసుకెళ్తారు. అమ్మగారికి ఫోన్ చేసి, చేరిందా అని అడగండి. రెండో ఆర్డర్ ఆవిడ నుంచే రావచ్చు.

ఏడో మెట్టు: మనుషుల పరిచయాలు

ఫోన్ ఒక్కటే సరిపోదు. చేత్తో పట్టుకుని చూసిన ఒక మనిషి చెప్పే మాట వంద రీల్స్‌కు సమానం. అలాంటి మనుషులను వెతికి పట్టుకోవాలి.

ముందు టైలర్లు, బొటిక్‌లు, మగ్గం వర్క్ చేసేవారు. వాళ్ళ దగ్గరికి రోజూ కొత్త చీరలు వస్తాయి, "ఇది ఎక్కడ కొన్నారు" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఒక టైలర్‌కు మీ ఇక్కత్ గుడ్డతో ఒక బ్లౌజు కుట్టించి అద్దానికి తగిలించమని ఇవ్వండి, పక్కన మీ వాట్సాప్ క్యూఆర్ కార్డు ఉంచండి. టైలర్ పంపినవారు కొంటే కమిషన్ ఆ వారంలోనే ఇచ్చేయాలి, గుర్తుచేయించుకోకూడదు.

స్కూళ్ళు, బ్యాంకులు, ఆసుపత్రులు తర్వాత. స్టాఫ్‌రూమ్‌లో ఒక టీచరు మీ చీర కట్టుకుని వెళ్తే ఆ నెలలో ఇంకో ఇద్దరు అడుగుతారు. వాయిదాల్లో ఇమ్మని అడగడం అక్కడ మామూలే. ఒప్పుకుంటే రెండు వాయిదాలకు మించనివ్వకండి, రాసి పెట్టుకోండి.

గేటెడ్ కమ్యూనిటీల్లో పండగల ముందు స్టాళ్ళు పెడతారు. హైదరాబాద్ శిల్పారామంలో, చేనేత ఎక్స్‌పోల్లో స్టాల్ దొరికితే వదులుకోకండి. అయితే స్టాల్‌లో అమ్మకమే చూడొద్దు. కొనకుండా చూసి వెళ్ళేవారిని కూడా, "మగ్గం వీడియోలు స్టేటస్‌లో పెడతాం, నంబర్ సేవ్ చేసుకుంటారా" అని అడగండి. సాయంత్రానికి చేరిన పేర్లు ఆ రోజు అమ్మకాల కన్నా ఎక్కువకాలం పనికొస్తాయి. ఆ రాత్రే ఒక్కొక్కరికీ పేరుపెట్టి మెసేజ్ పంపండి. రెండు రోజులు ఆగితే మీరెవరో మరిచిపోతారు.

విదేశాల్లో తెలుగు సంఘాల సభల్లో చీరల స్టాళ్ళు కిటకిటలాడతాయి. అమెరికాలో తానా, ఆటా సభలు రెండేళ్ళకోసారి జరుగుతాయి. మీరు వెళ్ళలేకపోయినా స్టాల్ పెట్టేవారికి సరుకు ఇవ్వొచ్చు. వాళ్ళతో లెక్కలు కాగితం మీద ఉండాలి, అమ్ముడుపోనివి ఎవరి ఖర్చుతో తిరిగి రావాలో కూడా అందులోనే రాయాలి.

పక్కింటి నేతన్నను పోటీగా చూడకండి. మీ దగ్గర లేని రంగు ఆయన దగ్గర ఉంటే ఆయన పేరు చెప్పే అమ్మండి, మీ వంతు ముందే మాట్లాడుకోండి. పది ఇళ్ళవాళ్ళు ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరి దగ్గర ఏం ఉందో రోజూ పెట్టుకుంటే, అడిగినవారికి "లేదు" అని చెప్పాల్సిన పని తగ్గుతుంది. రీసెల్లర్లకు సరుకిస్తే అందరికీ ఒకటే కనీస ధర పెట్టండి, ఒకరి కింద ఒకరు కోసుకుంటూ పోతే చీర విలువే పడిపోతుంది.

ఎనిమిదో మెట్టు: యాడ్స్, ఇన్‌ఫ్లుయెన్సర్లు

మొదటి మూడు నెలలు యాడ్స్‌కు రూపాయి పెట్టకండి. ఏ వీడియో చూసి జనం వాట్సాప్‌కు వస్తున్నారో తెలిశాక, ఆ వీడియోనే యాడ్‌గా పెట్టండి. నొక్కగానే వాట్సాప్ ఛాట్ తెరుచుకునే రకం ఎంచుకోండి, హైదరాబాద్, బెంగళూరు లాంటి ఒకటి రెండు నగరాలకే పరిమితం చేయండి. రోజుకు రెండు మూడు వందలతో వారం నడిపి, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు లెక్కచూడండి. లైకులు వెయ్యి వచ్చి ఒక్క చీరా కదలకపోతే ఆపేయడమే.

లక్షల ఫాలోవర్లున్నవారి కన్నా, చీరల గురించే మాట్లాడే చిన్న పేజీలవారు నయం. కామెంట్లలో జనం నిజంగా చీర గురించి అడుగుతున్నారా, ఊరికే హార్ట్ గుర్తులే ఉన్నాయా చూడండి. చీర ఉచితంగా ఇచ్చినా సరే, అది ప్రకటన అని వాళ్ళు వీడియోలో చెప్పాల్సిందే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు అవే చెబుతున్నాయి.

తొమ్మిదో మెట్టు: పండగల లెక్క, నోటు పుస్తకం

చేనేతలో ఆర్డర్ వచ్చాక నేస్తామంటే కుదరదు. ముడులు, అద్దకం, పడుగు అన్నీ అయ్యి చీర చేతికి రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కపెట్టాలి. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి చూపించాల్సిన చీరల పడుగు వేసవిలోనే ఎక్కాలి. బతుకమ్మ, దసరాకు రంగులు శ్రావణంలో అమ్మకాలు చూసి నిర్ణయించుకోవచ్చు. పెళ్ళి ముహూర్తాల నెలలు పంచాంగంలో చూసి, పెట్టుడు చీరలకు కాటన్లు విడిగా నేయించండి. ఆషాఢంలో బజారంతా డిస్కౌంట్లతో హోరెత్తుతుంది, ఆ నెల ధర తగ్గించే బదులు దుపట్టాలు, స్టోల్స్, కుషన్ కవర్ల లాంటి చిన్న సరుకు ముందుకు తెండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి జరుగుతోంది. ఆ వారంలో చేనేత గురించి వెతికేవారు ఎక్కువ కాబట్టి మంచి వీడియోలు దానికి దాచిపెట్టుకోండి.

చివరగా ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనండి. ఎవరు అడిగినా ఒక వరస రాయాలి: తేదీ, పేరు, ఊరు, ఏ రంగు అడిగారు, కొన్నారా, కొనకపోతే ఎందుకు. ముఖ్యంగా "మా నంబర్ మీకు ఎలా తెలిసిందండి?" అని ప్రతి ఒక్కరినీ అడిగి ఆ జవాబు కూడా రాయండి. ప్రతి నెలాఖరున ఆ పేజీలు తిరగేసి, జనం ఎక్కువగా వస్తున్న చోట వచ్చే నెల సమయం రెట్టింపు పెట్టండి. పదిమంది అడిగి మీ దగ్గర దొరకని రంగు కనబడితే, తర్వాతి పడుగు ఆ రంగులోనే ఎక్కించండి.